పిల్లకు ఎవరి పోలిక

మా పిల్లకు నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు, నేను కుట్టిన గౌన్లే నాకు మొదట కంగారు పుట్టించాయి. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు, పిల్లలకు గౌన్లు కుట్టేదాన్ని. అందరి పిల్లల గౌన్లూ పొట్టివవుతాయి. మా పిల్లవి బిగుతయ్యేవి. దసరాకు కుట్టిన గౌను ఉగాదికి నడుం దగ్గర పట్టలేదు. అంచు మాత్రం మోకాళ్ల కింద ఎక్కడుండేదో అక్కడే ఉంది. పక్క కుట్లు విప్పి వదులు చేశాను. కొన్నాళ్లకు మళ్లీ విప్పాను. ఆ తర్వాత విప్పడానికి లోపల బట్ట మిగల్లేదు.

ఇది తొంభైల మొదట్లో మాట. కాజీపల్లి దగ్గర ఒకాయన వరసగా కట్టించిన రేకుల గదుల్లో ఒకదాంట్లో కిరాయికి ఉండేవాళ్లం. గదికీ గదికీ మధ్య ఒక్క ఇటుక గోడ. పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మా ఆయనకు మందుల కంపెనీలో పని. జిన్నారం అవతలి పల్లెలో వ్యవసాయ కూలి చేసుకునే ఇంట్లోంచి వచ్చి, షిఫ్టు, గేట్‌పాసు, ఓవర్‌టైం లాంటి మాటలు ఆ ఇంట్లో మొదట నేర్చుకున్న మనిషి. అందుకని ఆ కంపెనీ అంటే ఆయనకు గౌరవం. నాకూ ఉండేది, అబద్ధం ఎందుకు.

పిల్ల ముఖం గుండ్రంగా, బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా, మెడ కనిపించకుండా ఉండేది. పొట్ట ముందుకు. కాళ్లూ చేతులూ మాత్రం సన్నం. చూసిన ప్రతివాళ్లూ బుగ్గ గిల్లేవాళ్లు. "అచ్చం తండ్రే! తండ్రి మొకం తెచ్చి అతికించినట్టున్నది" అనేవాళ్లు. అదీ నిజమే. పెళ్లినాటికి ఎముకల గూడులా ఉన్న మా ఆయన, కంపెనీలో చేరాక గుండ్రంగా తయారయ్యాడు. కంపెనీ క్యాంటీన్ తిండి వంటికి పట్టిందని మా అత్త ఊరంతా చెప్పుకుంది. తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుంటే ఎవరికైనా నవ్వొచ్చేది. నాకు రాలేదు.

ఎందుకంటే మా ఆడబిడ్డ నాకు కళ్లముందే ఉంది. మా ఆయన అక్క. ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే మనిషి బరువెక్కి, చక్కెర జబ్బు వచ్చి, చూపు మందగించి, వాకిట్లోకి వచ్చిన మనిషిని గొంతు విని పోల్చుకునేది. మా అత్తకూ ఒళ్లు ఎక్కువే, మోకాళ్లు వంగవు, చక్కెర ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ల దారిలోనే నా పిల్ల కూడా నడుస్తోందని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది. మిషన్ తొక్కుతుంటే అదే ఆలోచన. అన్నం వండుతుంటే అదే. ఈ పిల్ల కూడా ఒకరోజు నన్ను గొంతు విని పోల్చుకుంటుందేమోనని తలుచుకుంటే మిషన్ ఆపి దాని కళ్లలోకి చూసేదాన్ని.

భయం వేస్తే ఒకచోట కూర్చునే రకం కాదు నేను. అన్నం తగ్గించాను. పొద్దున అన్నం బదులు తైదల అంబలి, అదే రాగి జావ, పెట్టాను. బెల్లం డబ్బా అటక మీదికెక్కించాను. సాయంత్రాలు పిల్లను చెయ్యిపట్టుకుని కంపెనీ ప్రహరీ గోడ పొడుగునా నడిపించేదాన్ని. దారినపోయేవాళ్లు "గా పొల్లను ఎందుకు గట్ల గుంజుకపోతున్నవ్?" అని నన్ను తిట్టేవాళ్లు. కాసేపటికే దానికి ఆయాసం వచ్చేది, కూలబడేది. ఇంటికొచ్చాక ఆకలి. ఎంత ఆకలంటే, ఒకసారి మిషన్ కింద కూర్చుని పిండి గిన్నెలో మిగిలిన తడి పిండి వేళ్లతో నాకుతూ కనిపించింది. దాన్ని కొట్టాలో, ఎత్తుకోవాలో తెలియక ఏడ్చాను.

మా ఆయన మాత్రం నిశ్చింత. "నా బిడ్డ నా లెక్కనే ఉంటది. మీ ఇంట్ల లెక్క బక్కగుంటె నీకు నచ్చుతుండెనా?" అనేవాడు. డ్యూటీ దిగి ఆయన తలుపు దగ్గరకు రాగానే పిల్ల ఆయన మీదికి ఎగబాకేది. ఆయన విప్పిన కంపెనీ అంగీని బుగ్గ కింద పెట్టుకుంటే తప్ప దానికి నిద్ర పట్టేది కాదు. ఉతికిన అంగీ ఇస్తే వాసన చూసి విసిరికొట్టేది. అందుకని ఉన్న రెండు అంగీల్లో ఒకటి ఎప్పుడూ ఉతక్కుండానే ఉండేది. తండ్రి మీద అంత ప్రేమ కదా అని నాకు కొంచెం కుళ్లు కూడా ఉండేది.

చివరికి ఎవరికీ చెప్పకుండా పిల్లను పటాన్‌చెరులో బస్సు మారి సంగారెడ్డి తీసుకెళ్లాను. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఉందని నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ చెప్పింది. డాక్టరమ్మ పిల్లను తూచి, ఎత్తు కొలిచి, పొట్ట నొక్కి, వీపు మీద నూగుగా లేచిన వెంట్రుకలు చూసింది. నేను మా వంశం కథ మొదలుపెట్టాను. అత్త, ఆడబిడ్డ, చక్కెర, చూపు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"పాపకు ఏం మాత్రలు మింగిస్తున్నారు?"

"ఏం లేదమ్మా. జరమొస్తె ఎప్పుడన్న సగం గోళీ ఏసిన, గంతే."

"బలానికని, ఆయాసానికని, ఎవరైనా ఊరి డాక్టరు ఇచ్చినవి?"

"లేదమ్మా, నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. లావుగా ఉండే వంశంలో పిల్లలు ఎత్తు కూడా పెరుగుతారు. ఈ పాప ఎత్తు ఆగిపోయింది. ఈ ముఖం అన్నంతో వచ్చింది కాదు, మందుతో వచ్చింది. ఇంట్లో ఎవరు ఇస్తున్నారో కనుక్కుని, ఆ మాత్రలు పట్టుకురండి."

ఆవిడ నన్ను నమ్మలేదు. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే చెవులు మండిపోయాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఒకటే ప్రశ్న. నేను ఇవ్వలేదు, మా ఆయన ఇవ్వడు. ఇంకెవరు? ముత్తంగి దాటేసరికి నా తలలో జవాబు తయారైంది. మా అత్త! మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇంజెక్షన్లు వేసే అతని దగ్గర కాగితంలో చుట్టిన మాత్రలు తెచ్చుకుంటుంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పొట్లం ఆమె కొంగున ఉంటుంది. మనవరాలు ముద్దుగా ఉండాలని ఆమెకు ఆశ. ఇంకేం కావాలి?

నా దురదృష్టం, ఆ వారం ఆమె మా ఇంట్లోనే ఉంది. చెప్పులైనా విప్పకుండా అడిగేశాను. ముసలామె బియ్యం ఏరుతున్న చాట అలాగే పక్కన పెట్టింది.

"ఏందే? నా గోళీలు నేను మింగుడే కష్టమైతుంటె, పసిపొల్లకు పెడ్తనా? ఎన్నటిసంది సూస్తున్న, మీ రక్తం మీ రక్తమని ఊకె అంటున్నవ్. మా ఇంట్ల ఎవ్వలకన్న చిన్నగున్నప్పుడు గీ మొకం ఉన్నదా? నా బిడ్డ కాన్పులైనంకనే లావైంది. నీ మొగడు పెండ్లినాడు ఎట్లుండె, బొంగు లెక్క ఉండె. గీ పొల్ల మా పోలిక కాదు. ఎవ్వల పోలికనో నువ్వే ఎతుక్కో."

బట్టలు సంచిలో కుక్కుకుని, అన్నం కూడా తినకుండా జిన్నారం బస్సెక్కింది. పట్టుబడ్డ దొంగ పారిపోయిందనే అనుకున్నాను. ఆమె చెప్పిన మాటల్లో ఒక్కటీ నా చెవికెక్కలేదు.

అత్త వెళ్లిపోయాక కూడా పిల్ల తగ్గలేదు. రోజూ పొద్దున దాని ముఖం చేతుల్లోకి తీసుకుని చూసేదాన్ని. ఇంకా ఉబ్బినట్టే ఉండేది. మాత్రలు ఇంకా ఎక్కడైనా దాచిపోయిందేమోనని పప్పు డబ్బాల్లో, దిండు గలీబుల్లో వెతికాను. పిచ్చిదాన్నయ్యానని మా ఆయన అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

అలా ఉండగా బొంతపల్లిలో దావత్ వచ్చింది. మా ఆయనతో పాటు పౌడర్ సెక్షన్‌లో పనిచేసే ఒకతను కొడుక్కి వీరభద్రస్వామి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాడు. గుడికి కాస్త దూరంలో షామియానా వేసి వంటలు. సెక్షన్ అంతా కుటుంబాలతో వచ్చింది. మగవాళ్లను ముందు బంతికి కూర్చోబెట్టారు. నాకు వంకాయ కూర బకెట్ ఇచ్చారు.

వడ్డించేటప్పుడు ఎవరైనా విస్తరిని చూస్తారు, తర్వాత చాలా ఇంకా వెయ్యాలా అని మనిషి ముఖం చూస్తారు. నేనూ అలాగే వంగి, లేచి, చూస్తూ పోతున్నాను. మొదట మా ఆయన. గుండ్రటి ముఖం, ఎర్రటి బుగ్గలు, మెడలో కలిసిపోయిన గడ్డం. తర్వాత ఒడిశా నుంచి వచ్చిన అతను. గుండ్రటి ముఖం, ఎర్రటి బుగ్గలు. తర్వాత బీహార్ అతను. తర్వాత గుంటూరు వైపు అతను. తర్వాత గుమ్మడిదల మనిషి, నాకు బాగా తెలుసు, వాళ్ల అన్నదమ్ములంతా గడకర్రలు. అందరిదీ అదే ముఖం. నా చేతిలో గరిటె ఆగిపోయింది. పప్పుచారు పట్టుకుని నా వెనకాలే వస్తున్న ఒకామె నవ్వింది. "ఏందక్కా గట్ల సూస్తున్నవ్? ఒక్క తల్లి కడుపుల పుట్టినట్టున్నరు కదా మనోళ్లంత! కంపెనీ కళ!" అంది. బంతి మొత్తం నవ్వింది.

అప్పుడే మా పిల్ల ఎక్కణ్నుంచో పరుగెత్తుకొచ్చి, ఖాళీగా ఉన్న చివరి విస్తరి ముందు మఠం వేసుకుని కూర్చుంది. ఆ వరసకు ఆఖరి తమ్ముడు వచ్చి కూర్చున్నట్టే ఉంది. బకెట్ కింద పెట్టి నేను కూడా నేల మీద కూర్చుండిపోయాను.

వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన్ని అడిగాను. "మీ సెక్షన్ల ఏం మందు తయారైతది?"

"తెల్లపొడి."

"పొడి సంగతి నాకు ఎరికే. ఏ రోగానికి?"

"దమ్ముకంట, వాపులకంట, కీళ్ల నొప్పులకంట. గోళీలు వేరేకాడ చేస్తరు. మేం ఎండబెట్టి, జల్లెడ పట్టి, డబ్బాలకు నింపుతం. ఎందుకు?"

"నోట్లకు పోదా?"

"మూతికి దస్తీ కట్టుకుంటం కదా." ఆయన నవ్వాడు. "చెమటకు ఒళ్లంత అంటుతది. ఇంటికొచ్చి కడుక్కుంటలేనా?"

కడుక్కునేవాడు. పిల్ల మీదికెక్కి దిగాక, అంగీ దాని చేతికిచ్చాక.

మర్నాడు పొద్దున ఆ ఉతకని అంగీని వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో ఒక్క దులుపు దులిపాను. సన్నటి పొడి లేచి వెలుగులో తేలింది. ఇన్నాళ్లూ ఆ మడతల్లో ముక్కు పెట్టుకుని నా బిడ్డ నిద్రపోయింది. అంగీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మూతి గట్టిగా ముడివేసి, పిల్లను చంకనేసుకుని సంగారెడ్డి బస్సెక్కాను.

డాక్టరమ్మ ఈసారి నన్ను మధ్యలో ఆపలేదు. సెక్షన్, పొడి, బంతిలో ముఖాలు అన్నీ విన్నది. కవర్ విప్పలేదు, బయటినుంచే చూసి పక్కన పెట్టింది. "మింగినా, పీల్చినా, ఒంటికి రాసుకున్నా అదే మందమ్మా. పెద్దవాళ్లకు మెల్లగా ఎక్కితే చిన్నదానికి తొందరగా ఎక్కింది. మీ వంశానికీ దీనికీ సంబంధం లేదు" అంది. మందు ఒంటికి చేరడం ఒక్కసారిగా ఆగితే పిల్ల నీరసించే ప్రమాదం ఉందని, ఎలా తగ్గించాలో తాను చూసుకుంటానని, వారం వారం తీసుకురమ్మని చెప్పింది. "మీ ఆయన్ని కూడా తీసుకురండి" అంది.

ఆ గదిలో నాకు మొదట సంతోషమే కలిగింది. చూపు పోదు! ఆడబిడ్డ దారి కాదు! ఆ తర్వాత మా ఆయన సంగతి గుర్తొచ్చింది. ఆయన ముఖం చూసి ఇన్నాళ్లూ మురిసిన వాళ్లు గుర్తొచ్చారు. సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

ఆయన ఒప్పుకోలేదు. "మనిషికి ఒళ్లొస్తె రోగమంటవా? బక్కగుంటె తిండికి లేదంటరు, లావైతె మందంటరు. సెక్షన్ మొత్తానికి లేని బీమారి నాకే ఉన్నదా?" అన్నాడు.

"సెక్షన్ మొత్తానికి ఉన్నది. నీకు కనిపిస్తలేదు."

"ఇగ నౌకరీ ఇడిసిపెట్టి మళ్ల కూలికి పోవాల్నా?"

"ఇడిసిపెట్టమన్ననా? సెక్షన్ మార్చమని అడుగు. మార్చేదాక కంపెనీల తానం చేసి, వేరే బట్టలు కట్టుకొని రా. గా అంగీ ఈ గడప దాటిందా, పిల్లను పట్టుకొని మా అవ్వగారింటికి పోత. మళ్ల రాను."

నా మాటల్లో బెదిరింపు ఎంతో, నిజం ఎంతో ఆయనకు తెలుసు. అంగీ రావడం ఆగింది. సెక్షన్ మార్పు మాత్రం నెలల తరబడి రాలేదు. సూపర్‌వైజర్ నవ్వి పంపేవాడట. ఆ నెలలు నేనెలా గడిపానో నాకే తెలుసు. సాయంత్రం ఆయన వచ్చే వేళకు పిల్లను లోపల పట్టుకుని కూర్చునేదాన్ని. అది గింజుకునేది, "నాయినా" అని అరిచేది. ఆయన బయట కుళాయి దగ్గర ఇంకోసారి స్నానం చేసేవాడు. పడుకునేటప్పుడు అంగీ కోసం ఒకటే ఏడుపు. కొత్త బట్టతో ఆయన అంగీలాంటిదే కుట్టి ఇచ్చాను. వాసన చూసి, ఇది నాయినది కాదని గోడకేసి కొట్టింది. మధ్యలో ఒకటి రెండు వారాలు నిజంగానే నీరసించి, తల వాల్చేసింది. ఎత్తుకుని తెల్లవార్లూ తిరిగాను. డాక్టరమ్మ చెప్పిందే జరుగుతోందని తెలిసినా, నా చేతుల్తో నేనే చంపుతున్నానేమోనని వణికిపోయాను.

మెల్లగా దిగింది. ముందు బుగ్గల ఎరుపు పోయింది, తర్వాత మెడ కనిపించింది. దీపావళి నాటికి గౌను అంచు మోకాలి పైకి వెళ్లింది. టేపు మెడలో వేసుకునే గుమ్మంలో నిలబడి ఏడ్చాను. మా అత్త పిలవకుండానే వచ్చింది. పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగో, గిప్పుడు నా ముక్కు కనిపిస్తున్నది" అంది. నాతో అప్పటికి సరిగ్గా మాట్లాడలేదు. నేను పెట్టిన అన్నం మాత్రం తిన్నది.

ఆ చలికాలంలోనే మా ఆయన్ని బాయిలర్ వైపు మార్చారు. అక్కడ ఒళ్లంతా బొగ్గే. అయినా నేను దండం పెట్టుకున్నాను.

ఆయన ఖాళీ చేసిన చోటికి ఒక కొత్త అబ్బాయి వచ్చాడు. నారాయణఖేడ్ వైపు మనిషి, దవడలు లోపలికి పోయి, మెడ మీద నరాలు తేలి ఉండేవాడు. భార్య, ఒక పసిబాబు. మా పక్క గదే కిరాయికి తీసుకున్నారు. పౌడర్ సెక్షన్ గురించి మా ఆయన మొదటిరోజే అతనికి చెప్పాడట. అతను నవ్వి, "ఒళ్లొస్తె మంచిదే కదన్నా" అన్నాడట.

ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆ అమ్మాయి బాబును చంకలో వేసుకుని జాకెట్ బట్ట ఇవ్వడానికి వచ్చింది. సంబరంగా ఉంది. "మా ఆయన మస్తు మంచిగైండక్కా. వచ్చినప్పుడు ఎట్లుండె, గిప్పుడు సూడు! అత్తమ్మ సూసి గుర్తు వట్టలె. బాబు సుత తండ్రి లెక్కనే అయితుండు" అంది. బాబు బుగ్గలు అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్నాయి. వాడి తల కింద మడతపెట్టిన నీలం కంపెనీ అంగీ ఉంది.

కత్తెర పక్కన పెట్టి అన్నీ చెప్పాను. మా పిల్ల, గౌన్లు, డాక్టరమ్మ, ఎండలో లేచిన పొడి. అంగీ బాబు దగ్గర పెట్టొద్దని, రేపే సంగారెడ్డి పోదామని, తోడు నేనొస్తానని చెప్పాను. వింటున్నకొద్దీ ఆమె నవ్వు తగ్గింది. ఒకసారి నా ముఖం చూసింది. మూలన కూర్చుని గుండీలు ఏరుతున్న మా సన్నటి పిల్లను చూసింది. "అందరి పిల్లలు ఒక్కతీరుగ ఉంటరా అక్కా" అని, కొంగు లాగి బాబు ముఖం మీద కప్పుకుని లేచి వెళ్లిపోయింది. జాకెట్ బట్ట కూడా తీసుకెళ్లింది.

కాసేపటికి గోడ అవతలి నుంచి ఎండు మిరపకాయలు మాడే ఘాటు వచ్చింది. మా పిల్ల దగ్గుతూ, "ఏందమ్మా గది?" అంది.

"పక్కింట్ల బాబుకు దిష్టి తీస్తున్నరు బిడ్డా."

"ఎవ్వల దిష్టి?"

"నాది" అన్నాను. లేచి చెప్పులు వేసుకుని వెళ్లి, ఆ తలుపు కొట్టాను.